ఓడిపోయే చోటు మీరే ఎంచుకోండి

అన్నీ కొద్దికొద్దిగా వచ్చినవాడు ఎక్కడైనా నెట్టుకొస్తాడు. ఒక్కటే అమోఘంగా వచ్చి, మిగతావి అంతంతమాత్రంగా వచ్చినవాడికి ఆ వెసులుబాటు లేదు. అతని ఆట వేరు, లెక్క వేరు. ఈ అధ్యాయం ఆ రెండోవాడి కోసం రాస్తున్నాను. దీనికి పాఠ్యపుస్తకంగా ఒక బల్ల మీది యుద్ధాన్ని తీసుకుంటున్నాను. పేరు 'వార్‌హ్యామర్ 40,000'. మీరు పేరు కూడా వినకపోయినా ఇబ్బంది లేదు, కావలసినంత ఇక్కడే చెబుతాను.

బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా నడిచే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1987లో తెచ్చిన ఆట ఇది. తొలి పుస్తకం రాసింది రిక్ ప్రీస్ట్‌లీ. కథాకాలం ఇప్పటికి దాదాపు 38 వేల ఏళ్ల తర్వాత. ఆటగాళ్లు బొమ్మ సైనికుల ముక్కలు తెచ్చుకుని, అతికించి, రంగులు వేసి సైన్యం కూర్చుకుంటారు. ప్రతి దళానికీ ఇన్ని పాయింట్లని ధర ఉంటుంది. పెద్ద పోటీల్లో ఇద్దరూ చెరో 2000 పాయింట్ల సైన్యంతో, 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు ఉన్న బల్ల మీద ఐదు రౌండ్లు ఆడతారు. దూరాలు టేపుతో కొలుస్తారు, ఫలితాలు పాచికలు తేలుస్తాయి. నేను చెప్పే అంకెలన్నీ 2023లో వచ్చిన పదో ఎడిషన్ నిబంధనల ప్రకారం.

ఈ ఆటలో అన్ని పనులూ చేయగల సైన్యాలున్నాయి. స్పేస్ మెరీన్లు అలాంటివాళ్లు. దూరం నుంచి కాలుస్తారు, దగ్గరికొస్తే కొడతారు, దెబ్బ తగిలితే తట్టుకుంటారు. ఒకే విద్య మీద బతికే సైన్యాలూ ఉన్నాయి. వరల్డ్ ఈటర్స్‌కి గొడ్డలి పట్టుకుని మీద పడటమే యుద్ధం. జీన్‌స్టీలర్ కల్ట్‌లకు మాటు వేయడమే బలం. ఇక మనం చూడబోయే టౌ సామ్రాజ్యం 2001లో ఈ ఆటలోకి వచ్చింది. వీళ్ల విద్య తుపాకీ. 2003 నాటి 'ఫైర్ వారియర్' వీడియోగేమ్ ఆడినవాళ్లకు వీళ్లు కొత్త కాదు.

టౌ కాల్బలంలో ప్రధానమైన ఫైర్ వారియర్ చేతిలో ఉండే పల్స్ రైఫిల్ 30 అంగుళాల దూరం కొడుతుంది. అదే మనిషి చేతికి చేయి కలిపే పోరులో దాదాపు నిస్సహాయుడు. పదిమంది ఫైర్ వారియర్లు కలిసి ఒక స్పేస్ మెరీన్ దళాన్ని చేతులతో కొడితే సగటున తగిలేది ఒక గాయంలో మూడోవంతు చిల్లర. ఒక్కో మెరీన్‌కు రెండు గాయాల ప్రాణం ఉంటుంది. అంటే వాళ్లలో ఒక్కణ్ని పడగొట్టాలన్నా ఐదారుసార్లు కొడుతూ కూర్చోవాలి. ఈలోగా ఎదుటివాళ్లు ఊరుకోరు.

ఇలాంటి సైన్యాన్ని చేతిలోకి తీసుకున్నవాడు ముందుగా ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎక్కడో ఒకచోట ఓడిపోవడం ఖాయం. అది ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అన్నది మాత్రం మన చేతిలో ఉంది. నిపుణుడి నైపుణ్యంలో సగం ఈ ఎంపికలోనే ఉంటుంది.

మొదటి సూత్రం: మీ బలానికి ఎంత బలముందో లెక్కగట్టండి

టౌ సైన్యం కొత్తగా కొన్నవాళ్ల అంచనా ఒకటే. మనవాళ్లు తుపాకీ వీరులు కాబట్టి ఎదుటివాడు సగం బల్ల దాటేలోపే పోతాడు. పాచికలు అలా అనవు.

పదిమంది ఫైర్ వారియర్లు దూరం నుంచి తలో గుండు చొప్పున పది గుళ్లు కాల్చారనుకుందాం. పాచిక మీద 4 లేదా అంతకంటే ఎక్కువ పడితే గుండు తగిలినట్టు, కాబట్టి సగటున ఐదు తగులుతాయి. అందులో మెరీన్ దేహాన్ని దెబ్బతీసేవి మూడింట రెండు వంతులు. ఆపైన మెరీన్ కవచం వచ్చినవాటిలో మూడింట రెండు వంతులు ఆపేస్తుంది. చివరికి మిగిలేది ఒక గాయం. పది తుపాకులు ఒక్కసారిగా పేలితే అరమనిషి!

బలం లేదని కాదు, అది విడిగా ఉన్నప్పుడు బయటపడదు. టౌ సైన్యానికి ఒక ప్రత్యేక నియమం ఉంది. ఒక దళం గురి చూపిస్తే మరో దళం కాలుస్తుంది. అప్పుడు కాల్చేవాళ్లకు 4 బదులు 3 పడినా చాలు. గురి చూపించే దళం దగ్గర మార్కర్‌లైట్ అనే పరికరం ఉంటే శత్రువుకు చాటు వల్ల వచ్చే రక్షణ కూడా పోతుంది. పాత్‌ఫైండర్లనే దళం ఉన్నదే ఇందుకు. దీనికి తోడు, 15 అంగుళాల లోపలికి వస్తే పల్స్ రైఫిల్ ఒకటికి బదులు రెండు గుళ్లు పేలుస్తుంది. ఈ రెండూ కలిస్తే సగటు మూడు గాయాల దాకా లేస్తుంది. అవే తుపాకులు, అదే పదిమంది, ఫలితం మాత్రం మూడింతలకు దగ్గర.

పెద్ద తుపాకీ లెక్క కూడా చూడండి. హ్యామర్‌హెడ్ అనే టౌ ట్యాంకు మీది రైల్‌గన్ ఈ ఆటలో పేరుమోసిన ఆయుధం. దాని పోటు 20, పరిధి 72 అంగుళాలు. కానీ ఒక వంతుకు పేలేది ఒక్కటే గుండు. మరో దళం గురి చూపించినా, ఇతర సాయాలేవీ లెక్కలోకి తీసుకోకపోతే, ల్యాండ్ రైడర్ లాంటి భారీ ట్యాంకుకు ఆ గుండు తగిలి దెబ్బతీసే అవకాశం 44 శాతం. తగిలితే పోయేది 7 నుంచి 12 గాయాలు, ల్యాండ్ రైడర్ ప్రాణం 16. అన్నీ కలిసొచ్చినా ఒక్క గుండుతో ఆ ట్యాంకు చావదు. "నా దగ్గర రైల్‌గన్ ఉంది" అనే ధీమాతో ఆట మొదలుపెట్టినవాడు రెండో రౌండుకల్లా పాచికల్ని తిడుతూ కనిపిస్తాడు.

అందుకే అనుభవజ్ఞులు కాల్చే వరస ముందే పెట్టుకుంటారు. ఒక్క పనికే పనికొచ్చే తుపాకీ ముందు పేలాలి, రెండు పనులకు పనికొచ్చేది ఆఖరున. హ్యామర్‌హెడ్ గురి కుదిరితే, ట్యాంకుల్ని దగ్గర్నుంచి కొట్టే సన్‌ఫోర్జ్ క్రైసిస్ సూట్లు మిగతా పని చూసుకుంటాయి. గురి తప్పితే ఆ ట్యాంకును వదిలేసి అవే సూట్లు ఇంకో లక్ష్యం వెతుక్కుంటాయి. జవాబు తెలిశాకే రెండో ప్రశ్న అడుగుతారన్నమాట.

రెండో సూత్రం: దూరానికి ధర ఉంటుంది, చూసి చెల్లించండి

పైన చెప్పిన లెక్కలో ఒక మెలిక ఉంది. రెండు గుళ్లు పేలాలంటే 15 అంగుళాల లోపలికి వెళ్లాలి. మన బలం రెట్టింపయ్యే చోటే ఎదుటివాడి చెయ్యి మన మెడకు అందుతుంది.

మామూలు స్పేస్ మెరీన్ ఒక వంతులో 6 అంగుళాలు నడుస్తాడు. ఆ తర్వాత రెండు పాచికలు వేసి, ఎంత పడితే అంత దూరం మీదికి దూకుతాడు. దీన్నే చార్జ్ అంటారు. శత్రువుకు అంగుళం దూరంలోకి రాగలిగితే పోరు మొదలైనట్టే. మీరు సరిగ్గా 15 అంగుళాల దూరంలో ఆగారనుకోండి. అతను నడిచాక మిగిలేది 9, పాచికల మీద 8 పడితే చాలు. ఆ అవకాశం 42 శాతం. 16 అంగుళాల దగ్గర ఆగితే అతనికి 9 కావాలి, అవకాశం 28 శాతానికి దిగుతుంది. 17 దగ్గర 17 శాతం. 18 దగ్గర 8 శాతం.

మూడంగుళాల తేడా, 42 నుంచి 8కి. తుపాకీతో బతికే సైన్యానికి ఇంతకంటే పెద్ద ఆయుధం లేదు, దానికి ఒక్క పాయింటు కూడా ఖర్చు కాదు. పైగా ఈ ఆటలో ఎప్పుడు కావాలంటే అప్పుడు దూరం కొలుచుకోవచ్చు. ఎదుటివాడు ఏమైనా అనుకుంటాడని మొహమాటపడక్కర్లేదు. ఒక బొమ్మను కదిపే ముందు రెండుసార్లు టేపు చాపండి. ఒకసారి మీరు కొట్టాల్సిన దూరానికి, ఇంకోసారి అతను వచ్చే దూరానికి.

అలాగని ఎప్పుడూ 18 అంగుళాల అవతలే ఉండమనడం లేదు. అలా ఉంటే గుళ్ల సంఖ్య సగమైపోతుంది. ఆ సగం వదులుకుంటే వచ్చే భద్రత ఈ వంతులో అవసరమా కాదా అన్నదే ప్రశ్న. ఎదురుగా ఉన్న దళాన్ని ఈ దెబ్బతో పూర్తిగా తుడిచేయగలిగితే దగ్గరికి వెళ్లండి, ఎందుకంటే తిరిగి కొట్టడానికి అక్కడ ఎవరూ మిగలరు. సగమే పోతుందనిపిస్తే ఆగండి. సగం చచ్చిన శత్రువు కూడా చార్జ్ చేస్తాడు.

మూడో సూత్రం: బలహీనతను దిద్దకండి, దానికి కాపలా పెట్టండి

దగ్గరి పోరులో చిక్కుకున్న ఫైర్ వారియర్లు చస్తేనే నష్టమని చాలామంది అనుకుంటారు. అసలు నష్టం వేరే ఉంది. శత్రువు ఆనుకుని ఉన్న కాల్బలం మామూలు తుపాకులు కాల్చలేదు. వెనక్కి తప్పుకుంటే ఆ వంతుకి కాల్చే హక్కు పోతుంది. ప్రాణం పోకపోయినా నోరు మూతపడుతుంది. తెలివైన ప్రత్యర్థి మిమ్మల్ని చంపడానికి తొందరపడడు, ముట్టుకుని ఊరుకుంటాడు.

దీనికి మందుగా కొత్తవాళ్లు చేసే పని, సైన్యంలో ప్రతి మూలా కాస్తోకూస్తో కొట్టగలవాళ్లను ఇరికించడం. పాయింట్లు అటు పోతాయి, తుపాకులు తగ్గుతాయి. ఫలితంగా కాల్చడంలో నాసిరకం, కొట్టడంలో అంతకంటే నాసిరకం అయిన సైన్యం తయారవుతుంది. క్రికెట్‌లో పదకొండో స్థానంలో దిగే ఫాస్ట్ బౌలర్‌ని కెప్టెన్ సెంచరీ కొట్టమనడు, అవతలి ఎండ్‌లో నిలబడితే చాలంటాడు. ఆ మాత్రం వివేకం ఇక్కడా కావాలి.

టౌ కథలోనే దీనికి మినహాయింపు ఉంది. కమాండర్ ఫార్‌సైట్ కత్తి పట్టి శత్రువు మీదికి వెళ్లే వీరుడు, టౌ పాలకులకు దూరమై వేరు కుంపటి పెట్టుకున్నవాడు. అతను అందరికీ ఇష్టమైన పాత్రే. కానీ ఒక వీరుడు చేయగలిగింది పదిమంది మామూలు సైనికుల మీద రుద్దితే కథ అడ్డం తిరుగుతుంది.

సరైన మందు క్రూట్లు. వీళ్లు టౌ సామ్రాజ్యానికి తోడుగా పోరాడే వేరే జాతి. వీళ్ల ధర తక్కువ, కాలు చురుకు. తుపాకుల వరసకు ముందు వీళ్లను పరిచి పెడతారు. ఎదుటివాడు ముందుగా వీళ్లనే తాకాలి. తాకుతాడు, చాలావరకు చంపేస్తాడు. అంతటితో అతని వంతు అయిపోతుంది. ఇప్పుడు అతని మెరికల్లాంటి దళం ఏ చాటూ లేకుండా మీ తుపాకుల ఎదుట నిలబడి ఉంటుంది, వంతు మీది.

అధ్యాయం పేరులో చెప్పిన ఓటమి ఇదే. చవకైన దళం పోయింది, మీరు పోగొట్టుకోవాలనుకున్న చోటే పోయింది, దానికి బదులుగా ఖరీదైన లక్ష్యం దొరికింది. ఈ బేరంలో ఒక జాగ్రత్త మరవకూడదు. క్రూట్ల వెనకాలే తుపాకులవాళ్లను ఆనించి నిలబెడితే, శత్రువు క్రూట్లను చంపాక పోరు దశలోనే ఇంకాస్త ముందుకు జరిగి తుపాకుల వరసను కూడా ముట్టుకుంటాడు. పోరుకు ముందు 3 అంగుళాలు, తర్వాత 3 అంగుళాలు జరిగే హక్కు అతనికి ఉంది. అందుకని రెండు వరసల మధ్య కనీసం 7 అంగుళాలు ఖాళీ వదలండి. కాపలా పెట్టి, తలుపు దగ్గరే పడుకుంటే ఉపయోగం లేదు.

నాలుగో సూత్రం: ఎప్పుడు విజృంభించాలో ముందే తేల్చుకోండి

టౌ యుద్ధనీతిలో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి కాయోన్, అంటే ఎర చూపి, ఓపిగ్గా వేచి, శత్రువు ఊబిలోకి దిగాక కొట్టడం. రెండోది మోంట్‌కా, సరైన లక్ష్యం కనిపించిన క్షణాన సర్వశక్తులూ ఒడ్డి ఒకే దెబ్బ తీయడం. కథలో ఫార్‌సైట్, షాడోసన్ అనే మరో కమాండర్ ఇద్దరూ ప్యూర్‌టైడ్ అనే గురువు శిష్యులే అయినా షాడోసన్ మొదటిదానిలో దిట్ట, ఫార్‌సైట్ రెండోదానిలో దిట్ట.

ఆటలో ఇవి ఉత్త కథలు కావు. ఆట మొదలుకాకముందే ఏ పద్ధతిలో ఆడతారో ఎంచుకోవాలి. కాయోన్ ఎంచుకుంటే తుపాకుల అదనపు బలం మూడో రౌండు నుంచి మొదలవుతుంది. మోంట్‌కా ఎంచుకుంటే మొదటి మూడు రౌండ్లే ఆ బలం, ఆపైన ఉండదు. మొత్తం ఐదు రౌండ్లు.

ఈ ఎంపిక మీ మిగతా నిర్ణయాలన్నిటినీ మార్చేస్తుంది. కాయోన్‌తో దిగినవాడు మొదటి రెండు రౌండ్లలో శత్రువును చంపాలని ఆరాటపడితే సైన్యాన్ని తొందరపడి బయటపెట్టుకున్నట్టే. ఆ రెండు రౌండ్లూ శిథిలాల చాటున దాగి, క్రూట్లను వదులుకుంటూ, పెద్ద తుపాకుల్ని కాపాడుకోవాలి. మోంట్‌కాతో దిగినవాడు మొదటి రౌండంతా జంకుతూ వెనకే కూర్చుంటే చేతిలో ఉన్న సొమ్ములో మూడోవంతు తగలబెట్టినట్టే. రెండు పద్ధతులూ మంచివే. ఒకటి ఎంచుకుని రెండోదానిలా ఆడటమే చేటు.

ఐదో సూత్రం: స్కోరు ఎక్కడ రాస్తున్నారో చూడండి

నిపుణులకు ఒక జబ్బు ఉంటుంది. తమకు వచ్చిన పనే ఆట అనుకుంటారు. టౌ ఆటగాడికి అది శవాల లెక్క రూపంలో వస్తుంది. ఎదుటివాడి సైన్యం ముప్పావువంతు పోయింది, తనది చెక్కుచెదరలేదు, ఆట మాత్రం ఓడిపోయాడు.

ఎందుకంటే పోటీ ఆటల్లో మొత్తం 100 పాయింట్లలో 50 దాకా ప్రధాన లక్ష్యానికి, 40 దాకా ఉపలక్ష్యాలకు వస్తాయి. ప్రధాన లక్ష్యమంటే చాలా ఆటల్లో బల్ల మీద గుర్తుపెట్టిన చోట్లను రౌండు తర్వాత రౌండుగా ఆక్రమించి ఉండటం. మిగిలిన 10 సైన్యానికి శుభ్రంగా రంగులు వేసుకొచ్చినందుకు! శత్రువును చంపడం ఆ చోట్లకు దారి తెరుస్తుందే తప్ప దానంతట అదే మిమ్మల్ని అక్కడికి చేర్చదు. ఎవరో ఒకరు నడిచి వెళ్లి ఆ గుర్తు మీద నిలబడాలి. 30 అంగుళాల అవతల కూర్చుని ఆ పని చేయలేరు.

కాబట్టి బొమ్మలు పరిచేటప్పుడే తేల్చుకోండి. ఎవరు కాలుస్తారు, ఎవరు గురి చూపిస్తారు, ఎవరు అడ్డం పడతారు, ఎవరు గుర్తుల మీదికి వెళ్తారు. నాలుగో పనికి మనుషులు మిగలకపోతే ఒక తుపాకీ దళాన్ని అటు మళ్లించండి. దాని తుపాకీ మీద బెంగ పెట్టుకోకండి.

బల్ల దిగాక

ఇప్పుడు ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. సాఫ్ట్‌వేర్‌లో భద్రతాలోపాలు పట్టడంలో అతనికి సాటి లేదు. మీటింగులో మాత్రం నోరు పెగలదు, ఎవరైనా గట్టిగా ఎదురు చెబితే తడబడతాడు. వ్యక్తిత్వ వికాసం పేరుతో అతనికి సాధారణంగా దొరికే సలహా ఒకటే: వక్తృత్వం నేర్చుకో. నేర్చుకుంటే మంచిదే. కానీ ఆరునెలలు కష్టపడి అతను అయ్యేది ఓ మోస్తరు వక్త, ఈలోగా తుపాకీ తుప్పుపడుతుంది.

టౌ పద్ధతిలో అయితే అతను ఇలా చేస్తాడు. ముందుగా తన బలాన్ని లెక్కగడతాడు. తాను పట్టే లోపాలు ఎంత గొప్పవైనా, ఎవరూ దిద్దకపోతే అవి అరమనిషిని చంపిన పది గుళ్లే. అందుకని గురి చూపించే మనిషిని వెతుక్కుంటాడు. ఏ లోపం వల్ల కస్టమర్‌కు ఎక్కువ దెబ్బో తెలిసిన సహోద్యోగి అయితే మేలు. తర్వాత దూరం చూసుకుంటాడు. వాదన మీటింగుదాకా రానివ్వకుండా ముందురోజే రిపోర్టు రాసి పంపుతాడు, రాతలో అతన్ని తడబరిచేవాళ్లు లేరు. మీటింగులో చిన్న విషయాల్లో తన మాట చెల్లకపోతే చెల్లకపోనీ అనుకుంటాడు. రంగులు, బటన్లు, తేదీల మీద ఓడిపోతాడు, అవి అతని క్రూట్లు. అసలు లోపం దగ్గర మాత్రం పట్టు వదలడు. చివరగా స్కోరు చూస్తాడు. సంవత్సరాంతంలో మేనేజరు లెక్కపెట్టేది ఎన్ని లోపాలు పట్టావని కాదు, ఎన్ని సరిదిద్దబడ్డాయని అయితే, పట్టడం తగ్గించి దిద్దేవాళ్ల పక్కన కూర్చుంటాడు.

ఇందులో అతను తన బలహీనతను గెలవలేదు. గెలవాల్సిన అవసరం రాకుండా చూసుకున్నాడు.

ఈ వారం చేయండి

1. మీకు బాగా వచ్చిన పని ఒకటి రాయండి. అది ఒంటరిగా చేస్తే వచ్చే ఫలితం ఎంత, ఎవరి సాయం ఉంటే ఎన్నింతలు పెరుగుతుంది, ఆ మనిషి పేరేమిటి? మూడింటికీ జవాబు రాసేదాకా లేవకండి.

2. మీరు తేలిగ్గా చిక్కుకునే పరిస్థితి ఒకటి రాయండి. దానికి ఎంత దూరంలో ఆగితే ప్రమాదం బాగా తగ్గుతుందో గుర్తించండి. ముందురోజు పంపే ఉత్తరం కావచ్చు, ఫోన్ బదులు మెసేజ్ కావచ్చు, "రేపు చెబుతాను" అనే మాట కావచ్చు.

3. రాబోయే నెలలో మీ విజృంభణ ఎప్పుడు? తొలి పది రోజులా, చివరి పది రోజులా? ఒకటే ఎంచుకుని, రెండో సమయంలో ఏ పని తలకెత్తుకోరో కూడా రాయండి.

4. మీ స్కోరు రాసేది ఎవరు, దేన్ని లెక్కపెడుతున్నారు? తెలియకపోతే ఊహించకండి, వెళ్లి అడగండి.

5. ఆఖరున, ఈ నెలలో మీరు కావాలని ఓడిపోబోయే మూడు చిన్న విషయాలు రాయండి. ఒక్కోదానికి ఎదురుగా, దానికి బదులు మీకు దక్కేదేమిటో రాయండి. ఎదురుగా రాయడానికి ఏమీ దొరకకపోతే ఆ విషయంలో ఓడిపోకండి. అసలు ఈ జాబితానే ఖాళీగా వదిలేశారంటే మీరు అన్ని చోట్లా గెలవాలని చూస్తున్నారని అర్థం. అలాంటప్పుడు ఎక్కడ ఓడాలో ఎదుటివాడే నిర్ణయిస్తాడు.